యోసేపు రాయని మాట

ఫ్లెక్సీలు వచ్చి యోసేపు నోటి దగ్గర కూడు లాగేసుకున్నాయి. ఒకప్పుడు తిరువూరు బస్టాండు చుట్టూ అతని చేతి అక్షరం లేని కొట్టు ఉండేది కాదు. ఇప్పుడు బతికున్నవాళ్ళెవరూ పిలవరు, పోయాకే పిలుస్తారు. నవంబరు రెండున సమాధుల పండుగ. దానికి ముందు వారం రోజులు సమాధుల తోటలో రాళ్ళకి సున్నం, మాసిన పేర్లకి నల్లరంగు. మిగిలిన పని అదొక్కటే.

అందులోనూ అతనికో పట్టింపు. నలభై ఏళ్ళలో ఏ రాయి మీదా 'మరణించారు' అని రాయలేదు. 'ప్రభువునందు నిద్రించుచున్నారు' అనే రాస్తాడు. ఓసారి ఎవరో ఇంజినీరుగారు 'మరణం' అని రాయమంటే కుంచె అక్కడే పడేసి వెళ్ళిపోయిన మొండిఘటం. పదకొండేళ్ళ కిందట భార్య రూత్ పోయినప్పుడూ ఆ మాటే రాశాడు. పక్కనే తనకీ ఓ రాయి నిలబెట్టి, తన పేరూ, ఆ మాటా ముందే రాసేసి, తేదీ చోటు మాత్రం వదిలాడు. "తొందరేంటి యోసేపూ?" అని ఊరంతా ఆటపట్టించింది. రూత్ చచ్చిపోయిందన్న మాట మాత్రం అతని నోట ఎవరూ వినలేదు.

మొన్న అక్టోబరు చివర, మిట్టమధ్యాహ్నం, ప్రహరీ పక్క రాయికి రంగు వేస్తుంటే ఎవరో పిలిచారు.

"ప్రియమైన తండ్రీ."

తోటలో పురుగన్నది లేదు. గొంతు గోడలోంచి వస్తోంది. ఆ మాటలు ఎక్కడో విన్నట్టున్నాయి. కాసేపటికి గాని తట్టలేదు, అవన్నీ తను రాళ్ళ మీద రాసిన మాటలూ వచనాలే. ఆ గొంతు సమాధులు చదివి తెలుగు నేర్చుకుంది.

"మా లోకము నిద్రించినది. కుమారులు, కుమార్తెలు, మనుమలు, యావన్మంది. ఆకాశము నుండి శత్రువులు వచ్చిరి. మా పేరులును తుడిచివేసిరి. నేను ఒక్కటే మిగిలితిని. మా పేరులు వ్రాయుము."

పారిపోదామనే అనుకున్నాడు. కానీ పేర్లు కూడా తుడిచేశారన్న మాట అతన్ని పట్టేసింది. పేర్లు రాసి బతికినవాడు మరి.

"ఎంతమందండీ?" అన్నాడు. భయంలోనూ మర్యాద పోలేదు.

"జ్ఞాపకమున్నంత మంది."

మూడు రోజులు గోడ లోపలివైపు రాశాడు. ఒక్క పేరూ నోరు తిరిగేది కాదు. ఒకదాంట్లో ఊపిరి తప్ప ఏమీ లేదు, దానికి వట్టి విసర్గ పెట్టాడు. సంఘపెద్ద ఇమ్మాన్యుయేల్ వచ్చి, "ఎవరివీ పేర్లు?" అన్నాడు.

"పోయినోళ్ళవేనండి."

ఇమ్మాన్యుయేల్ గోడ మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. అంత ఎండలో గోడ ఐసులా ఉంది. మరో మాట అడక్కుండా వెళ్ళిపోయాడు.

మూడో రోజు సాయంత్రానికి పేర్లు అయిపోయాయి. అలవాటు కొద్దీ యోసేపు చెయ్యి కింద తన మాట రాసేసింది. 'నిద్రించుచున్నారు.'

"మా వారు నిద్రించిరి, నిజము. ముగిసిపోయిరి," అంది గొంతు.

"ముగియడమేంటండీ? నిద్రే కదా. ఓ రోజు లేస్తారు."

"లేచెదరా? తండ్రీ, చెరిపివేయుము! శత్రువులు నా వెంట వచ్చుచున్నారు. మిగిలినవారిని వెదకుటయే వారి పని. లేచువారని చదివినయెడల విడువరు."

గుడ్డ కిరసనాయిల్లో ముంచి గబగబా తుడిచేశాడు. వెనక్కి తిరిగి చూసి కొయ్యబారిపోయాడు. మూడొందల రాళ్ళు. అన్నీ తన చేతిరాతే, అన్నిటి మీదా అదే మాట. కాకులు ఒక్కసారిగా లేచి విస్సన్నపేట వైపు ఎగిరిపోయాయి. మబ్బు లేని ఆకాశం కింద ఓ నీడ గోడ దాటి లోపలికి వచ్చింది.

"వేరొక మాట లేదా?" అంది గొంతు.

ఉంది. యోసేపు రూత్ దగ్గరికి పరిగెత్తాడు. లేస్తుందని పదకొండేళ్ళు నమ్ముకున్న మనిషి. లేపేది ఎవరోనన్న భయం ఇప్పుడు పట్టుకుంది. పాత మాట తుడిచాడు. 'రూత్ చనిపోయింది' అని రాశాడు. రాసి, ఆనాడు ఏడవని ఏడుపంతా ఏడ్చాడు.

నీడ వచ్చి ఆ రాయి మీద ఆగింది. తడి అక్షరాల మీదుగా మెల్లగా జరిగింది. పక్క రాయి మీదికి వెళ్ళింది. దాని మీద యోసేపు పేరుంది, పాత మాట ఉంది, తేదీ లేదు.

అక్కడి నుంచి నీడ కదల్లేదు.