ఒక్కడినే ఎగరడానికి ముందు

ఆగస్టు మొదటి వారం. ఉదయం ఆరూ పదికి మా లారీ కళ్యాణదుర్గం దాటి మట్టిరోడ్డులోకి తిరిగింది. విమానం నడపడం నేర్చుకుంటున్న పన్నెండు మంది క్యాడెట్లం. ఒక్కొక్కరికి ఒక ట్రంకు పెట్టె, ఒక కిట్ బ్యాగు, ఏడు పాఠ్యపుస్తకాలు. మా అసలు శిక్షణ కేంద్రం మీద రెండు వారాలుగా మబ్బు వీడలేదు. ఎగరడం కుదరక కోర్సు వెనకబడింది. అందుకే ఆరు వారాల కోసం మమ్మల్ని ఈ పాత ఎయిర్‌స్ట్రిప్‌కు పంపారు. ఇక్కడ వాన రాదని పైవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం ఎంత గట్టిదో వాళ్లకంటే నాకే బాగా తెలుసు. మాది గుమ్మఘట్ట.

ఒక రన్‌వే, ఒక చిన్న టవర్, మూడు రేకుల షెడ్లు. చుట్టూ ఎర్రనేల, చీలమండ ఎత్తుకు మించని వేరుశనగ. దూరంగా బోడిగుట్టల మీద గాలిమరలు. నీళ్లు రెండు రోజులకోసారి ట్యాంకర్‌లో వచ్చేవి. మా ఊరు బస్సులో రెండు గంటల దూరం. సోలో అయ్యేదాకా సెలవు లేదన్నారు. సోలో అంటే పక్క సీట్లో శిక్షకుడు లేకుండా ఒక్కడే విమానాన్ని లేపి, దించడం.

నాలుగుంబావుకు నిద్ర లేపేవారు. ఐదుకు వాతావరణం చెప్పేవారు. వెంటనే మా శిక్షకుడు ఎవరి వైపో వేలు చూపి, "నేల విడిచావు. ఇంజన్ ఆగింది. చెప్పు" అనేవాడు. ఏం చెయ్యాలో వరసగా చెప్పాలి. ఒక్కటి తప్పితే ఆ రోజు విమానం లేదు. ఐదూ నలభై ఐదుకు మొదటి విమానం లేచేది. పదకొండుకు ఎండకు కుదుపులు ఎక్కువై ఆపేసేవారు. పన్నెండు నుంచి నాలుగు దాకా రేకుల కింద పాఠాలు. ఇంజన్, గాలి, మబ్బులు, దారి లెక్కలు. ఆ తర్వాత పరుగు. శనివారం పరీక్ష.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ప్రతి పాఠం రెండుసార్లు చదివేవాణ్ని. ఒకసారి ఇంగ్లీషు కోసం, ఒకసారి పాఠం కోసం. మిగతా పదకొండు మందికీ ఒక్కసారి చాలు. పరీక్షల్లో నెట్టుకొచ్చాను. విమానంలో చెయ్యాల్సిన తనిఖీలు మాత్రం లొంగలేదు. అవి వందకు పైనే. అన్నీ ఇంగ్లీషులో, సరైన వరసలో, సరైన క్షణంలో రావాలి. కాగితం మీద చూసి చదివే వీలు గాల్లో ఉండదు.

మూడో వారం చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ నన్ను పరీక్షించాడు. బక్కపల్చటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. దిగే ముందు చెయ్యాల్సిన తనిఖీల్లో ఇంధనం పంపు మర్చిపోయాను. ఆయనే చెయ్యి చాచి స్విచ్ వేశాడు. కిందికొచ్చాక అన్నాడు.

"విమానం ముందు పోతోంది. నువ్వు దాని వెనక పరిగెత్తుతున్నావు. వచ్చే శుక్రవారం మళ్లీ ఎక్కుదాం. అదీ పోతే నీ ఫైలు బోర్డుకు పంపాలి."

క్యాడెట్‌ను కోర్సులో ఉంచాలో తీసెయ్యాలో తేల్చేది బోర్డు. అక్కడికి వెళ్లిన ఫైలు తిరిగొచ్చిన దాఖలా మాకెవరికీ తెలియదు.

మర్నాటి నుంచి నాకు విమానం లేని ప్రతి గంటా ఫైరింజన్ నీడలో ఒక చెక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో చీపురుకట్ట. విమానాన్ని తిప్పే కంట్రోల్ స్టిక్ అదే. కళ్లు మూసుకుని తనిఖీలు గట్టిగా అప్పజెప్పేవాణ్ని. ఫైరింజన్ డ్రైవర్ రాప్తాడు మనిషి, యాభై దాటిన వయసు. మేము ఎగిరినంతసేపూ బండి వదిలి కదలకూడదు. మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు అడిగాడు.

"ఏమప్పా, ఆ కుర్చీలో కూర్చొని ఏం తోలుతాండావు?"

"విమానం అన్నా."

"యాడికి?"

"యాడికీ లేదు. ఈడ్నే లేపి, ఒక సుట్టు తిరిగి, ఈడ్నే దించాల."

చీపురుకట్ట వైపు గడ్డం చూపించాడు.

"నిన్న సెప్పిందాంట్లో ఈపొద్దు ఒకటి ఎగిరిపాయె."

"నీకు ఇంగ్లీషు వస్తాదా అన్నా?"

"నాకేడొస్తాదప్పా! మూడు దినాలు ఇన్న్యాక పాట మాదిరి సెవిలో పడిపోయినాది. నడాన ఒక ముక్క లేకపోతే తెలీదా?"

కాగితం తీసి చూశాను. ఇంధనం పంపు. మళ్లీ అదే.

"నువ్వు ఊరికే నోటితో సెప్తాండావు," అన్నాడు. "నేను బండెక్కినానంటే నీళ్లు, పంపు, గొట్టం ఒకటొకటే చేత్తో తడిమి చూస్కుంటా. నోరు మరుస్తాదప్పా. చెయ్యి మరవదు."

ఆ సాయంత్రం ఒక పాత ప్లైవుడ్ ముక్క మీద సుద్దతో స్విచ్చులు, మీటలు, మీటర్లన్నీ ఉన్నచోట ఉన్నట్టు గీశాను. డ్రైవర్ తన తువ్వాలు నా కళ్లకు కట్టాడు. నేను ఒక్కొక్కటీ తాకి పేరు చెప్పాలి. వేలు తప్పుచోట పడితే "ఆడ కాదు" అనేవాడు. మొదటి రోజు ఆ మాట లెక్కలేనన్నిసార్లు విన్నాను. గురువారం సాయంత్రం ఒక్కసారీ వినలేదు. మొట్టమొదటిసారి నాకు చదువు మీద కసి పోయి, ఇష్టం పుట్టింది.

శుక్రవారం ఏడూ ఇరవైకి చీఫ్‌తో ఎక్కాను. గాలి పడమర నుంచి పన్నెండు నాట్లు, అంటే గంటకు ఇరవై రెండు కిలోమీటర్లు. రెండో చుట్టులో ఆయన హఠాత్తుగా పవర్ తగ్గించి, "ఇంజన్ పోయింది" అన్నాడు. విమానం ముక్కు దించాను. చెయ్యి దానంతటదే కదిలింది. మాటలు దాని వెనకే వచ్చాయి. దిగడానికి ఒక బీడు ఎంచుకుని చూపించాను. ఆయన పవర్ తిరిగిచ్చాడు. మూడో చుట్టు తర్వాత దింపాక బెల్టు విప్పుకున్నాడు.

"ఇంజన్ ఆపకు. ఒక్క చుట్టు తిరిగి రా. నేను ఇక్కడే ఉంటాను."

తలుపు మూసి, నడుచుకుంటూ పోయాడు. టవర్‌లో ఆపరేటర్ గొంతు నా విమానం నంబరు పిలుస్తూ రేడియోలో నిద్రమత్తుగా వినిపించింది.

"టూ ఫైవ్, టేకాఫ్‌కు అనుమతి. గాలి పడమర, పది."

"టూ ఫైవ్, బయల్దేరుతున్నాను."

ఒక మనిషి బరువు తగ్గిన విమానం అనుకున్నదానికంటే ముందే లేచింది. మొత్తం ఆరు నిమిషాలు. దింపేటప్పుడు ఒకసారి ఎగిరిపడింది, తర్వాత కుదురుకుంది.

మొదటి సోలో చేసినవాణ్ని నీళ్లతో తడపడం ఆనవాయితీ. ఫైరింజన్ డ్రైవర్ బకెట్ బదులు ఒక చెంబు తెచ్చాడు. అదీ సగమే.

"ట్యాంకర్ రేపొస్తాదప్పా. ఈపొద్దుకు ఇంతే," అంటూ నెత్తిన పోశాడు. చీఫ్ ఆ రోజు నవ్వగా చూశాను.

ఆరు వారాలు ముగిశాక ఒక్కరోజు సెలవిచ్చారు. కళ్యాణదుర్గంలో బస్సు మారి గుమ్మఘట్ట చేరాను. నాయన వేరుశనగ కాయల సంచి మీద కూర్చుని ఉన్నాడు.

"ఒక్కనివే తోలినావా?"

"ఒక్కన్నే, నాయనా."

"పక్కన యెవురూ లేకుండా?"

"యెవురూ లేరు."

ఆయన లేచి వీధిలోకి నడిచాడు. ఆ పొద్దు ఎదురైన ప్రతివాణ్నీ ఆపి చెప్పాడు.

తర్వాత పద్నాలుగేళ్లు ఎగిరాను. మంచుకొండలు చూశాను, సముద్రం చూశాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. చూసినవన్నీ జ్ఞాపకంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఒక్కటి కలవలేదు. ఆ శుక్రవారం, వెయ్యి అడుగుల ఎత్తున రన్‌వే పక్కగా వెనక్కి వస్తున్నప్పుడు, ఎడమ రెక్క కింద వేరుశనగ చేను. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా వంగి కలుపు తీస్తున్నారు. శబ్దానికి అందరూ ఒక్కసారి నడుములెత్తి నిలబడ్డారు. కళ్లకు చేతులడ్డం పెట్టుకున్నారు. ఎర్రచీర కట్టిన ఒకామె తలమీది తువ్వాలు లాగి, పైకెత్తి, అటూ ఇటూ ఊపింది. తిరిగి ఊపడానికి నా రెండు చేతులూ ఖాళీగా లేవు. ఆమె ఊపుతూనే ఉంది.