ఫ్లాస్కులో పుదీనా చాయ్

చల్లారిన డికాషన్‌లో నిమ్మకాయ పిండగానే రంగు తేలికైంది. పుదీనా, ఐసు ముక్కలు వేస్తుంటే నాన్న గుర్తొచ్చాడు.

అప్పట్లో మేం యూసుఫ్‌గూడలో ఉండేవాళ్లం. నాన్న సినిమాల్లో చిన్న వేషాలు, ఎక్కువగా తాగుబోతు వేషాలు వేసేవాడు. ఓసారి అమ్మ నన్ను ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్‌కు తీసుకెళ్లింది. నాన్న గ్లాసు మీద గ్లాసు తాగి తూలుతుంటే నాకు ఏడుపొచ్చింది.

"అమ్మా, నాన్న మందు తాగుతుండు."

అమ్మ ఫ్లాస్కు మూతలో కొంచెం పోసి ఇచ్చింది. "జర తాగి చూడు బిడ్డా. నాన్న తాగేది ఇదే, పొద్దున నేను చేసిన చాయే."

చల్లగా, పుల్లగా ఉంది. ఏడుపు ఆగిపోయింది.

నేను పుట్టకముందు నాన్న నిజంగానే తాగేవాడని, కష్టం మీద మానేశాడని పెద్దయ్యాక తెలిసింది. మందులా కనిపించే రంగునీళ్లు సెట్‌లో వాళ్లే కలిపిస్తామన్నా అమ్మ ఎందుకు ఒప్పుకునేది కాదో అప్పుడర్థమైంది.