మూడో పిలుపుకు పలికిన మనిషి

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. మా కోర్టు వరండాలో ఏళ్ళ తరబడి వాయిదాలకు తిరిగే మనుషులను చూస్తే, చచ్చాక కూడా తిరగాలన్న సరదా ఎవరికీ మిగలదనిపిస్తుంది. అందుకని ఇది దెయ్యం కథ అని నేను అనడం లేదు. ఏం కథో నాకూ తెలియదు.

నేను ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో పోయి వచ్చే అటెండర్ని. ఏ కోర్టో చెప్పను. ఉద్యోగం కొత్తది, ఇంకా మోజు తీరలేదు. కేసులు పిలిచేది నేనే. తలుపు దగ్గర నిలబడి పేరు మూడుసార్లు కేకేయాలి. మూడో పిలుపుకూ పలక్కపోతే గైర్హాజరు. నా గొంతుకు వరండా చివర పడుకున్న కుక్క కూడా లేచి హాజరవుతుంది.

మా జడ్జి మేడం వినేది ఎక్కువగా కుటుంబ కేసులు. సర్వీసులో సగం పిల్లల గొడవలు తీర్చడంతోనే గడిచిందట. ఆమెకొక పద్ధతి ఉంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చేముందు, పిల్లను తన గదిలోకి పిలిచి తన కుర్చీలో కూర్చోబెడతారు. తాను స్టూలు మీద కూర్చుంటారు. అమ్మ కావాలా, నాన్న కావాలా అని మాత్రం అడగరు. "రేపు బడికి నీకు జడ ఎవరు వేయాలమ్మా?" అని అడుగుతారు. మగపిల్లలైతే చొక్కా బొత్తాలు ఎవరు పెట్టాలని. తలుపు తీసే ఉంటుంది. గడపలో నేనుంటాను, బిస్కెట్లు అందించడానికి.

ఆ రోజు పదకొండింటికి ఉదయగిరి వైపు పల్లెవాళ్ళ కేసు వచ్చింది. భార్యాభర్తలు విడిపోయి రెండేళ్ళు. ఏడేళ్ళ కూతురు జెస్సీ తన దగ్గరే ఉండాలని తల్లి సలోమి వేసిన కేసు. తండ్రి ఏసేబు వింజమూరులో ట్రాక్టర్లు బాగుచేస్తాడు.

సలోమీ అని రెండుసార్లు పిలిచాను. పలుకు లేదు. మూడోసారి పిలవగానే, "ఉండా, వస్తా ఉండా" అని వరండాలోంచి ఆడగొంతు వినిపించింది. బస్సు దిగి పరుగెత్తుకొచ్చినట్టు కాస్త ఆయాసం. నేను లోపలికి తిరిగి, ఆమె వచ్చిందని చెప్పాను. 'పిటిషనరు హాజరు' అని మేడం కాగితం మీద రాశారు.

అప్పుడు ఏసేబు లాయరు లేచాడు. సలోమి పోయిన నెల జ్వరంతో చనిపోయిందనీ, ఆ సంగతి తెలిపే మెమో ఇప్పుడే దాఖలు చేస్తున్నాననీ, తల్లి లేదు కాబట్టి పిల్లను ఈ రోజే తండ్రికి అప్పగించాలనీ అన్నాడు. నిజానికి ఆ కబురు సలోమి తరఫు లాయరు ముందే చెప్పాలి. కొందరి మెమోలు పెళ్ళయ్యాక అందే శుభలేఖల్లాంటివి.

ఎవరూ కెవ్వుమనలేదు. మేడం తాను రాసినదాని మీద గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది.

నేను వరండాలోకి పోయి చూశాను. ఎవరి కోసమో ఎదురుచూస్తున్న జలదంకి రైతులు ఇద్దరు, బెంచీ మీద సలోమి తల్లి మార్తవ్వ, ఆమె ఒళ్ళో జెస్సీ. ఆడవాళ్ళంటే ఆ అవ్వా మనవరాలే.

"పలికింది నువ్వేనా అవ్వా?"

"నా బిడ్డ పేరుకు నేనెట్ట పలుకుతా రా? నోరు పడిపోదా?" అని, ఆగి, మెల్లగా అంది. "నాకూ ఇనబడింది."

బెంచి క్లర్కు కూడా విన్నాడు. టీ కొట్టు ఆమె అయ్యుంటుందని తేల్చేశాడు. మా టీ కొట్టు నడిపేది మీసాలున్న మనిషి.

తల్లి పోయినప్పటి నుంచి జెస్సీ ఒక్క మాటా మాట్లాడలేదని మార్తవ్వ చెప్పింది. అయినా మేడం పిల్లను గదిలోకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, జడ సంగతి అడిగారు. నేను రెండు బిస్కెట్లు ఇచ్చాను. రెండూ తినింది.

"నాయన" అంది.

నా చేతిలో ప్యాకెట్ జారి పడింది. పెద్ద నష్టమేం లేదు, మూడు విరిగాయి.

"నాయనకు జడ వేయడం వచ్చా?" అని మేడం అడిగారు.

"రాదు. అమ్మ నేర్పిస్తాననింది."

"ఎప్పుడమ్మా?"

జెస్సీ నా వైపు వేలు చూపించింది. "ఇందాక. ఆ అన్న పిలిచినప్పుడు."

బయటి నుంచి మార్తవ్వ లేచి వచ్చింది. "నా బిడ్డ ఆ మాట అనదు తల్లీ. రెండేండ్లు వాడి మీద కోర్టుకు తిరిగిన మనిషి!"

నా అనుమానమూ అదే. దెయ్యమైతే మాత్రం ఎదుటి పార్టీకి సాక్ష్యం చెబుతుందా?

మేడం ఆ మాట పట్టుకుని తీర్పు ఇవ్వలేదు. ప్రస్తుతానికి పిల్ల అవ్వ దగ్గరే ఉంటుంది, శని ఆదివారాలు తండ్రి దగ్గర, సోమవారం పొద్దున బడికి తయారుచేసి పంపేది తండ్రే, నెల తర్వాత చూద్దాం అన్నారు.

నెల తర్వాత వాయిదా సోమవారం పడింది. ఏసేబు పిల్లను తన ఇంటి నుంచి నేరుగా తెచ్చాడు. నున్నగా దువ్విన రెండు జడలు. మార్తవ్వ కుడి జడ చివర పట్టుకుని దగ్గరగా చూసింది. రిబ్బను లోపల నల్లదారం కలిపి అల్లి ఉంది. పోయినేడు పిల్లకు తలలో గడ్డ లేచి అటువైపు జుట్టు పల్చబడిందట. జడ జారకుండా సలోమి అట్లా దారం కలిపేదట.

"ఎవురు నేర్పించినారు రా నీకు?"

"ఎవురూ లేదత్తా. మొదటి రెండు వారాలూ చిక్కులే. ఆనక జడ పట్టుకుంటే చేతులు వాటంతట అవే పోయినాయి" అని ఏసేబు గ్రీజు మరకల చేతులు చూపించాడు.

కాపురం చేసేటప్పుడు చూశాడనుకుందామంటే, గడ్డ లేచింది విడిపోయాక. ఫోన్లో చూశాడనుకుందామంటే, ఆయనది బటన్ల ఫోను. పిల్ల చెప్పిందేమోనని అడిగాను. "నా ఎనక జడ నాకెట్ట కనబడతది?" అంది. ఆ పాయింటు నాకు తట్టలేదు.

మార్తవ్వ చాలాసేపు ఆ జడ వదల్లేదు. చివరికి, "సెలవులకు గూడా తీసకపోరా" అంది ఏసేబుతో. మేడం అదే రాసుకున్నారు.

మధ్యాహ్నం మేడం ఆ ఫైలు తెప్పించుకుని, గీత కొట్టిన కాగితం దగ్గర ఆగారు. "బాబూ, ఆ రోజు నేను కొట్టేసింది తప్పు మాటేనంటావా?" అని అడిగారు. నేను వరండా వైపు ఒకసారి చూసి, ఫైలుకు తాడు కట్టాను.

ఇప్పటికీ రోజూ పేర్లు పిలుస్తూనే ఉన్నాను. మూడో పిలుపుకూ ఎవరూ పలక్కపోతే, లోపలికి తిరిగేముందు కాసేపు ఆగుతున్నాను. "ఏంది రా, ఎవురి కోసం?" అని బెంచి క్లర్కు విసుక్కుంటాడు. నాకు తెలిస్తే గదా చెప్పడానికి.