గోడ కడిగే మనిషి బట్టలు

మా ఇంటి బయటి గోడలకు సిమెంటు పూత లేదు, ఇటుక ఇటుకగానే కనిపిస్తుంది. మేము ఆ ఇల్లు కొనుక్కునేనాటికే వెనకవైపు గోడ నాచుతో నల్లబడింది. వంటింటి కిటికీ కింద తెల్లగా ఉప్పు తేలింది. మా పాప అప్పుడే పాకడం మొదలుపెట్టింది, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. గోడ నుంచి రాలేది పాప నోట్లోకి పోతుందేమోనని ఒక భయం, గోడ కడిగే మందు వాసన ఇంట్లోకి వస్తుందేమోనని ఇంకో భయం. రసాయనశాస్త్రం చదివినందుకు నాకు మిగిలిన అలవాటు ఒకటే. ఏ డబ్బా మీద ఏం రాసి ఉన్నా చివరి అక్షరం దాకా చదివి, చదవకముందు కంటే ఎక్కువ భయపడటం.

గోడ కడిగించాలనగానే వీధిలో అందరూ చెప్పింది బ్రష్షు బాబాయి గురించే. అరవై దాటిన మనిషి. బక్కపలచగా ఉన్నా నిచ్చెన భుజాన వేసుకుని తిన్నగా నడిచేవారు. రాగానే పాపను లోపలికి తీసుకెళ్ళమన్నారు. కిటికీలన్నీ మూయించి, సందుల్లో తడిగుడ్డలు కుక్కారు. పూలకుండీల మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. అప్పుడైనా పని మొదలుపెడతారనుకుంటే, నీళ్ళ గొట్టం చాటున అరచేయంత మేర కడిగి బ్రష్షు కింద పెట్టేశారు.

"ఇవాళ్టికి ఇంతేనమ్మా. ఆరనివ్వండి, గోడ ఏమంటుందో చూద్దాం."

మర్నాడు గోడనంతా పైపుతో తడిపారు. ఇటుకకు ముందే కడుపునిండా నీళ్ళు పట్టిస్తే సబ్బు తాగదట. సబ్బు నీళ్ళు మాత్రం కింది నుంచి పైకి రుద్దుకుంటూ వెళ్ళారు. పైనుంచి మొదలుపెడితే మురికి కారి పొడి ఇటుక మీద చారలు కడుతుందన్నారు. ఇంత నెమ్మది చూసి మా ఆయన ఊరుకోలేకపోయాడు.

"జోరుగా నీళ్ళు కొట్టే మిషను పెడితే సాయంత్రానికల్లా అయిపోతుంది కదా బాబాయ్?"

"అయిపోతుంది బాబూ. గోడ కూడా అయిపోతుంది," అన్నారు బాబాయి బ్రష్షు ఆపకుండా. "బట్టీలో కాలిన ఇటుకకు పైన గట్టి పొర ఉంటుంది. అది ఊడిందంటే ఇక ప్రతి వానకీ నానడమే, రాలడమే."

మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన ఫోను మోగేది. చేతులు తడిగా ఉండేవి కాబట్టి స్పీకరు పెట్టేవారు. అవతల వాళ్ళావిడ, మాకు పిన్ని, గొంతు వీధి చివరిదాకా వినిపించేది.

"ఏమయ్యా, తిన్నావా? ఆ గోడకి తినిపిస్తున్నావా? నిన్న డబ్బా అట్లాగే తెచ్చావు. పొద్దున్నే లేచి వండినదాన్ని పిచ్చిదాన్నా?"

ఆ తర్వాత దగ్గు. దగ్గు ఆగేదాకా బాబాయి ఫోను వైపే చూస్తూ నిలబడేవారు. అది ఆగి, మళ్ళీ తిట్లు మొదలైతే ఆయన ముఖం తేటపడేది.

"మా ఇంటి రేడియో అమ్మా," అనేవారు నాతో. "మోగుతున్నంతసేపూ నాకు ధైర్యం."

పిన్నికి రెండేళ్ళుగా ఆ దగ్గు. మందులు మార్చారు, డాక్టరును మార్చారు. ఈ మధ్య గుమ్మం దగ్గరి మెట్లు ఎక్కినా కూర్చుండిపోతోందట. పిల్లలు లేరు. ఆమెకేమైనా అయితే తన సంగతేమిటన్నది బాబాయి పైకి అనేవారు కాదు. సాయంత్రం సామాన్లు సర్దుకునేటప్పుడు మాత్రం చేతులు తొందరపడేవి.

బ్రష్షు పట్టకముందు ఆయన వేరే పనిలో ఉండేవారు. గాలి మిషనుతో గోడలకు ఇసుక కొట్టే ముఠాలో చాలా ఏళ్ళు చేశారు. పొగకు నల్లబడిన పెద్ద పెద్ద భవనాలు ఆ ఇసుక దెబ్బకు ఒక్క పూటలో ఎర్రగా బయటపడేవట. ముఠా మొత్తంలో ముక్కుకు మాస్కు పెట్టుకున్నది ఈయనొక్కరే. మిగతావాళ్ళు "కొత్త పెళ్ళికూతురు వచ్చింది, దారివ్వండ్రా" అని ఏడిపించేవాళ్ళు. తర్వాత తర్వాత వాళ్ళు ఒక్కొక్కరే ఊపిరితిత్తులు పాడై చనిపోయారు. బాబాయి ఆ పని మానేసి బ్రష్షు పట్టుకున్నారు.

"నా జాగ్రత్తే నన్ను కాపాడిందమ్మా," అన్నారొకసారి ఛాతీ మీద తట్టి చూపిస్తూ.

ఒకరోజు ఆయన మంచినీళ్ళకని వరండాలోకి వచ్చారు. పాప ఎప్పుడు పాకిందో, వెళ్ళి ఆయన ప్యాంటు పట్టుకుంది. నేను ఒక్క ఉదుటున వెళ్ళి ఎత్తుకున్నాను. ఎత్తుకున్నాక సిగ్గేసింది.

"ఏమీ అనుకోకండి బాబాయ్. బట్టల మీద దుమ్ము ఉంటుందని..."

"మంచిపని చేశారు. పసిపిల్ల కదా."

ఏదో ఒకటి మాట్లాడి ఆ ఇబ్బంది తప్పించుకుందామని అడిగాను. "ఇంట్లో ఈ బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"ఇంకెవరు, మా ఆవిడే."

"ఇసుక కొట్టే రోజుల్లో కూడానా?"

"అప్పుడైతే ఉతకడానికి ముందు దులపాలి. లేకపోతే బకెట్ అడుగున బురదే. వెనక తలుపు దగ్గర నిలబడి, చొక్కా రెండు చేతులా పట్టుకుని టపటపా దులిపేది. తెల్లగా మబ్బులాగా లేచేది. ఆ మబ్బులో మనిషి కనిపించేది కాదు, తిట్లు మాత్రం వినిపించేవి..."

మాట ఆగిపోయింది. పెదవుల మీది నవ్వు ఇంకాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత అన్నారు.

"మాస్కు పనిచేసేవాడికే ఇస్తారమ్మా."

నాకు తెలిసింది చెప్పాను. కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించనిదే లోపలికంటా వెళ్ళి ఉండిపోతుందని. నేను డాక్టరును కాదని, పిన్నికి వచ్చింది అదే కావాలని లేదని, కానీ డాక్టరుకు ఈ సంగతి తెలియాలని.

"దుమ్ములో పని చేసేదా అని డాక్టరు అడిగాడమ్మా. ఇల్లు దాటి ఎరగదండీ అని నేనే చెప్పాను." గ్లాసులో నీళ్ళు తాగకుండానే కింద పెట్టారు. "ఇప్పుడు చెప్పాలంటే ఆమె ముందే చెప్పాలా?"

ఆ తర్వాత పని చేసినన్నాళ్ళూ ఆయన మాటలు తగ్గిపోయాయి. ఫోను మోగితే మాత్రం వెంటనే తీసేవారు, తిట్లన్నీ వినేవారు, "సరేలే" అని పెట్టేసేవారు. గోడ పూర్తయిన రోజు నిచ్చెన కడుతూ అడిగారు. "ఆసుపత్రికి మీరు రాగలరా అమ్మా? చదువుకున్నవారు. నా నోట ఆ మాట రాదు."

వెళ్ళాను. పిన్ని ఫోనులో విన్నదానికంటే చాలా చిన్న మనిషి. కుర్చీలో సగం కూడా నిండలేదు.

"ఈవిడేనా గోడావిడ? పాపను ఎవరి దగ్గర వదిలొచ్చావు తల్లీ? ఈ మనిషికి తోడు కావాల్సివచ్చిందా? ఆసుపత్రికి దారి కూడా తెలీదు కాబోలు!"

డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు లైటుకు పెట్టి చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. బాబాయి చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపారు.

"అయ్యా, నేను తప్పు చెప్పాను. ఇదివరకు నాది ఇసుక కొట్టే పని. ఆ బట్టలు రోజూ దులిపింది ఈవిడే."

డాక్టరు పిన్ని వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళు దులిపారమ్మా?"

"పెళ్ళైంది మొదలు ఈయన ఆ పని మానేదాకా."

"ముక్కుకు ఏమైనా కట్టుకునేవారా?"

"బట్టలు దులపడానికి ముక్కుకి గుడ్డ ఏంటండీ, చూసినవాళ్ళు నవ్వరూ?" అని నవ్వబోయి ఆగింది. డాక్టరును చూసింది, నన్ను చూసింది. ఆఖరున భర్తను చూసింది. బాబాయి తన కాళ్ళకేసి చూసుకుంటున్నారు.

"ఒక్కనాడైనా ఇంటికి ఉత్తచేతుల్తో కాకుండా వచ్చావా అని తిట్టేదాన్ని కదయ్యా," అంది. "పాపం, రోజూ తెస్తూనే ఉన్నావన్నమాట."

ఆమె నవ్వింది. ఆ నవ్వును దగ్గు మింగేసింది. ఒక నర్సు వచ్చి వీపు నిమిరేదాకా అది ఆగలేదు.

మళ్ళీ పరీక్షలు చేశారు. అనుమానం నిజమే అయింది. లోపలికి పోయిన ఇసుక దుమ్ము ఇక బయటికి రాదని, ఆయాసం తగ్గించేందుకు చేయగలిగింది చేస్తామని డాక్టరు చెప్పాడు. ఇంట్లో మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం పెట్టారు. వీలైనప్పుడు నేను వెళ్ళి చూసి వచ్చేదాన్ని. పిన్ని నన్ను పాప గురించి అడిగేది, వింటూ తల ఊపేది.

వానలు మొదలుకాకముందే ఆమె పోయింది.

కొన్నాళ్ళకు పలకరించడానికి వెళ్తే బాబాయి గడప మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టారు.

"ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదమ్మా. కావాలనే తడి చెప్పులతో లోపలికి వెళ్ళాను. బజారు నుంచి తెమ్మన్నది వదిలేసి ఇంకేదో తెచ్చాను. ఏం చేసినా 'పర్లేదులే' అనేది. కాపురానికి వచ్చింది మొదలు అప్పటిదాకా ఆమె నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఒకరోజు ఉండబట్టలేక, తిట్టవే, నీకు పుణ్యముంటుంది అన్నాను."

"ఏమన్నారు?"

"'తిట్టడానికి ఊపిరేదయ్యా' అంది."

ఆ జబ్బు అంత ముదిరాక నాలుగు మాటలు కలిపి అనడం ఎవరికైనా కష్టమేనని, కోపం ఉండి కాదని, మనసు విరిగీ కాదని చెప్పాను. అది నిజం కూడా. బాబాయి అంతా విన్నారు. తల ఊపారు.

"కానీ 'పర్లేదులే' అనడానికి సరిపోయింది కదమ్మా ఆ ఊపిరి?"

మాటవరసకు అనలేదు. నిజంగానే అడిగారు. జవాబు నాకు తెలుస్తుందేమోనని నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు.