తొమ్మిది గళ్ల రాజవ్వ, అర గడి నేను

మా చిన్నప్పుడు... సిద్దిపేటలో మా మగ్గం ఉన్న అర్రలోకి పట్నం నుంచి ఒక చిత్రకారుడు వచ్చి, "గొల్లభామ చీర ఒకటి చూపిస్తవా అన్నా" అని మా బాపును, అంటే మా నాన్నను, అడిగాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు... మాకు రంగు నూలు దొరకడమే గగనం. అలాంటి కరువులో ఆయన దగ్గర పెట్టెనిండా రంగులు. ఆ పెట్టెను చూడగానే నాకు మొదటి కుళ్లు పుట్టింది. అసలైనది కాసేపటికి పుట్టింది.

కొత్తగా కట్టిన తాలూకా కచేరి గోడ మీద ఆయన పెద్ద బొమ్మ వేయాలి... మా చీరల మీద నేసే గొల్లభామల్లా చల్లకుండలు ఎత్తుకుని నడిచే ఆడవాళ్ల బొమ్మ. ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చూసుకోవడానికి ముందుగా పలకంత కాగితం మీద నమూనా వేసుకుంటాడట. మా పెద్దనాయిన బిడ్డ రాజవ్వకు ఎర్రచీర కట్టించి, తలమీద కుండతో వాకిట్లో నిలబెట్టాడు. నేనూ నా నీలం లంగాతో పోయి పక్కన నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. అది వాళ్ల పొరపాటని అప్పట్లో నా గట్టి అభిప్రాయం.

నమూనా అయ్యాక దానిమీద గళ్లు గీశాడు. ఒక్కో గడి చూసుకుంటూ గోడమీద పెద్దది చేస్తాడట. నేను కూర్చుని లెక్కపెట్టాను... రాజవ్వ తొమ్మిది గళ్లు. నేను అర గడి. చింతగింజంత నీలం చుక్క.

"గిదేంది, నేను గింతేనా?" అని అడిగాను.

"నీ నీలం పక్కన లేకుంటే మీ అక్క ఎరుపు గింత ఎర్రగ కనవడది బిడ్డా" అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

అంటే... నేను భూమ్మీద పడింది రాజవ్వ ఎర్రగా కనబడడానికన్నమాట.

మగ్గం ఇంట్లో పుట్టిన పిల్లకు ఒకటి బాగా తెలుసు. బాపు ఎప్పుడూ అనేవాడు, "కాగితం మీద గడిల ఏముంటే బట్టల గదే పడ్తది. మన ఇష్టం నడ్వది" అని. గోడకూ అదే చట్టం అనుకున్నాను. ఆయన మంచినీళ్లకు లోపలికి పోగానే, చూపుడువేలు నీలంలో ముంచి రాజవ్వ ముఖం ఉన్న గడిమీద అద్దాను. ఇక కచేరి గోడమీద ముఖం లేని రాజవ్వ... తలచుకుంటేనే కడుపు చల్లబడింది.

ఆయన వచ్చి కాగితం చూశాడు. నా వేలు చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"కుండ కింద నీడ పెట్టుడు మర్సిన. మంచిగ యాది చేసినవ్" అన్నాడు.

గోడమీద అలాగే వేశాడు. కుండ నీలినీడ ముఖంమీద పడిన రాజవ్వ... ఏం చెప్పను, అసలు రాజవ్వకంటే అందంగా వచ్చింది. కచేరికి వచ్చినవాళ్లు పని మరిచి నిలబడేవారు. గోడమీద నేనూ ఉన్నాను... అటు తిరిగి, అందరికీ వీపు చూపిస్తూ.

"గా నీలం లంగ పిల్లెవరు?" అని ఎవరో అడిగితే, రాజవ్వ నన్ను దగ్గరికి లాక్కుని "మా చెల్లె. జర సిగ్గెక్కువ" అంది. మా ఊళ్లో నా గురించి అంతకంటే పెద్ద అబద్ధం ఎవరూ ఆడలేదు. ఆమె అంత మంచిగా ఆడినందుకు ఇంకా కుళ్లుకున్నాను.

మొన్న కాలేజీ సెలవులకు ఊరికి పోతే ఆ గోడకు సున్నం వేసి ఉంది. కొత్తగా వచ్చిన అధికారికి గోడ తెల్లగా ఉంటేనే ఇష్టమట. మనసాగక కోహెడలో రాజవ్వ అత్తగారింటికి పోయాను. నమూనా అక్కడుంది... చిత్రకారుడు పోతూ పోతూ ఆమెకే ఇచ్చాడు. నాకివ్వలేదన్న సంగతి కూడా చరిత్రలో ఉండాలి కాబట్టి రాస్తున్నాను.

సందుగ పెట్టెలోంచి తీసి చూపించింది. ఎరుపు వెలిసిపోయింది. నీలం మాత్రం అలాగే ఉంది... నా వేలి గీతలతో సహా.

"ఆయన సంతకం పెట్టుడు మర్సిండు. ఉన్నది నీ ఏలిముద్రొక్కటే" అంది రాజవ్వ.

"నీకెట్ల తెలుసే?"

"గప్పుడే తెలుసు. నువ్వు రెండు రోజులు ఎడమచేత్తో అన్నం తిన్నవ్ గద."

ఇప్పుడు కచేరి గోడ ముందు ఎవరూ ఆగరు... ఆగడానికి ఏమీ లేదు. అందుకే మన కాలేజీ గోడపత్రికలో నేను రాసి అంటించిన ఈ కాగితం కింద సగం ఖాళీ వదిలాను. చిన్నప్పుడు మీరెవరిమీద కుళ్లుకుని ఏం పాడుచేశారో రాయండి. నాకంటే బాగా పాడుచేసి ఉంటే మాత్రం రాయకండి... ఓర్వలేను.