బొట్టు పెట్టిన ప్రొపెల్లర్

మా ముత్తాత నరసింహరాజుగారు పద్మనాభం దగ్గర జమీందారు. తాత జగన్నాథరాజుగారు యుద్ధ విమానం నడిపి, దాని ప్రొపెల్లర్‌ను ఇంటికి తెచ్చుకున్నారు. తొంభైల చివర, విశాఖలోని చిన్న విమానాల మ్యూజియంలో గోడకు తాతగారి చెక్క ప్రొపెల్లర్ తగిలించి కనిపించింది. కింద ‘పైలట్ పేరు తెలియదు’ అని ఉంది. తాడు దాటి దాన్ని పట్టుకున్నాను.

“ఏటండీ బాబూ, తాడు దాటేస్తన్నారు? పోలీసుల్ని పిలిసీమంటారా?” అని కాపలా మనిషి అరిచాడు.

“పిలు. మా తాతగారి పేరు రాసేదాకా కదలను. దీన్ని వెనక్కి తిప్పి చూడు. ఆయుధపూజకి మా నాయనమ్మ పెట్టిన బొట్లుంటాయి.”

“ఇక్కడికొచ్చినోళ్లందరి తాతలూ పైలట్లేనండి!”

జనం నవ్వారు. నేను చెయ్యి తీయలేదు. చివరికి మ్యూజియం అధికారి వచ్చి తిప్పించారు. రెక్కల నిండా కుంకుమ మరకలు. పేరు రాయించాకే బయటికి నడిచాను.

ఆస్తి పోయినంత మాత్రాన అనామకులం కాము. ఆ ప్రొపెల్లర్‌ను దివాణం తలుపులతో కలిపి మా నాన్నగారే కలప వ్యాపారికి అమ్మారు.