ఉమ్మడి బావి మీద ఇంజను

యుద్ధం రోజులు. లాంతర్లకే కిరసనాయిలు దొరకని కాలంలో మా ఆయన బద్వేలులో శెనక్కాయల మిల్లువాళ్లు మూల పడేసిన పాత ఇంజనొకటి బండికెత్తుకొచ్చాడు. పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజను. దాన్ని బావి గట్టున దించుతుంటే నాకు ఒళ్లు మండింది. ఇంట్లో దీపానికే గతి లేదు, దీని నోట్లో ఏం పోస్తాడు?

ఆ బావి మాకూ మా బావగారికీ ఉమ్మడి. ఒకరోజు మా వంతు, మరునాడు వాళ్ల వంతు. భాగాలు పంచుకున్నప్పుడు మాటామాటా పెరిగి అన్నదమ్ములకు మాటల్లేకుండా పోయాయి. ఆదివారం చర్చిలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూసేవాళ్లు కారు. బావగారు ఎద్దులతో, తోలు బానతో నీళ్లు తోడే కపిల తోలుకునేవాడు. మా ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది కాబట్టే మాకీ ఇంజను.

అది దగ్గేది, తుమ్మేది, పంపులోంచి నీళ్లు మాత్రం సన్నగా కారేవి. మా ఆయన ఉన్న పనులన్నీ మాని కార్బురేటరు విప్పాడు. నా పాత రవికె చింపి, మిల్లువాళ్లు ఇంజనుతో పాటు ఇచ్చిన కాస్త పెట్రోలూ మడ్డి కిరసనాయిలూ వడగట్టాడు. నా తలపిన్నుతో దాని సన్నరంధ్రం పొడిచి శుభ్రం చేశాడు.

"దానికి చేసే సేవలో సగం నాకు చేసింటే నేనెప్పుడో బాగుపడింటి" అన్నాను.

"నువ్వు మర తిప్పితే దారికొచ్చే మనిషివా" అని నవ్వాడు.

నూనె వదిలే సూదిమరను ఎక్కువ తెరిస్తే నల్లపొగ, బిగిస్తే దగ్గు. రెంటికీ మధ్య ఎక్కడో చెవిపెట్టి వింటూ నిలిపాడు. అసలు చిక్కు గవర్నరు దగ్గర తేలింది. ఇంజను పరుగు మితిమీరకుండా పట్టి ఉంచేది అదే. దాని స్ప్రింగు సాగిపోయి, ఇంజను ఊపందుకోకముందే వెనక్కి లాగేస్తోంది. స్ప్రింగు బిగించి చక్రం తిప్పాడు. మోత మారిపోయింది. నీళ్లు కాలువ అంచులు తన్నుకుంటూ పరుగెత్తాయి. ఆయన ముఖం చూసి నాకూ శానా సంతోషమైంది, దాచుకోవడం ఎందుకు. మధ్యాహ్నానికే మడులన్నీ తడిసి, బావి అడుగు కనిపించింది.

మరునాడు బావగారు బాన దించితే సగం బురదే పైకొచ్చింది. మా బావి ఊట సన్నం. కపిలతో ఎన్నడూ నీళ్లు అంతగా దిగేవి కావు. వాళ్ల రాగి అప్పుడే పాలుపోసుకుంటోంది. ఇప్పుడు తడి తప్పితే గింజంతా తాలే, ఏడాది పొడుగునా ఆ ఇంటికి సంగటి ఆ మడిలోంచే. బావగారు తగాదాకు రాలేదు. ఎద్దుల కాడి దించి, బావి అంచున కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. మా ఆయన దూరాన నిలబడి అది చూశాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

మా వంతు రోజు పొద్దున్నే స్ప్రింగు వదులు చేశాడు. అంత కష్టపడి బాగుచేసుకున్నదాన్ని తన చేత్తోనే చెడగొట్టుకుంటుంటే చూడలేక ముఖం తిప్పుకున్నాను. ఇంజను మళ్లీ దగ్గుతూ నడిచింది.

ఆ మోత విని బావగారు వచ్చాడు. అన్నాళ్ల తర్వాత తమ్ముడితో మాట్లాడాడు.

"ఏమబ్బీ, చెడిపాయనా?"

"ఆఁ, చెడిపాయ" అన్నాడు మా ఆయన తల వంచుకుని.

"మరి మడి ఎండిపోదా? నా ఎద్దులు ఊరికే ఉండాయి, కట్టుకో."

నేను నోరు తెరవబోయాను. మా ఆయన కళ్లతోనే వద్దన్నాడు.

బావగారు తానే ఎద్దుల్ని తోలుకొచ్చి, కాడి కట్టి, పగ్గం తమ్ముడి చేతిలో పెట్టాడు. మా ఆయన ఇంజను ఆపేసి, పొద్దుగూకే దాకా అన్న ఎద్దులతో కపిల తోలాడు. నేను పార పట్టుకుని మడికి నీళ్లు కడుతూ ఏడుస్తూనే ఉన్నాను. బావగారు నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

"ఇంజను కోసరం ఏడుస్తారామ్మా? నా ఎద్దులు ఉండాయి గదా" అన్నాడు.